చంటిబిడ్డతో హైదరాబాద్‌లో బయటికి: కొత్త అమ్మానాన్నలు పదే పదే అడిగే ప్రశ్నలు

మా పాపకు పదకొండు నెలలు. మేముండేది చిక్కడపల్లిలో. పాప పుట్టినప్పటి నుంచి మా తోటికోడలు, ఆఫీసు స్నేహితురాళ్ళు, పై అంతస్తులో ఈ మధ్యే కాన్పయిన అమ్మాయి, అందరూ ఒకే రకం సందేహాలు అడుగుతున్నారు, అవే సందేహాలు ఒకప్పుడు నేనూ అందరినీ అడిగాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి. మీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, గుండె, ఊపిరితిత్తుల సమస్య ఏదైనా ఉన్నా మాత్రం మీ పిల్లల డాక్టర్ చెప్పిందే ఆఖరి మాట.

## బయల్దేరే ముందు

మూడో నెల వచ్చేదాకా గడప దాటించొద్దని అమ్మ అంటోంది. నిజంగా అంతవరకు ఆగాలా?

గడప దాటకూడదన్న నియమం వైద్యంలో లేదు. కానీ అమ్మ మాటలో అర్థం ఉంది, ఎందుకంటే మొదటి రెండు మూడు నెలల్లో బిడ్డకు రోగనిరోధక శక్తి తక్కువ, పెద్దవాళ్ళకు మామూలు జలుబు అయింది వాళ్ళకు ఆసుపత్రి దాకా వెళ్ళొచ్చు. కాబట్టి నేను అమ్మకు చెప్పింది ఇది: గాలి, వెలుతురు ఉన్నచోటికి తీసుకెళ్తాను, జనం కిక్కిరిసిన చోటికి తీసుకెళ్ళను. ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యాక పొద్దున్నే మేడ మీద, తర్వాత వీధి చివరి దాకా, రెండో నెల దాటాక పార్కు. ఇలా మెట్లు మెట్లుగా వెళ్తే పెద్దవాళ్ళకూ అభ్యంతరం ఉండదు.

టీకాలన్నీ పడకముందే జనంలోకి తీసుకెళ్ళొచ్చా?

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఇస్తారు. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ పడుతుంది, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం లాంటివాటి నుంచి కాపాడేది అదే. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండాక. అన్నీ పూర్తయ్యేదాకా ఇంట్లోనే కూర్చోవాలంటే ఏడాదిన్నర దాటుతుంది, అది కుదిరే పని కాదు. 14 వారాల డోసు పడేదాకా పెళ్ళిళ్ళు, ఎగ్జిబిషన్, పండగ షాపింగ్ మానేయండి, పార్కులూ బంధువుల ఇళ్ళూ చాలు. టీకా వేయించిన రోజు, ఆ మర్నాడు ఎక్కడికీ పెట్టుకోవద్దు. జ్వరం, చిరాకు ఆ రెండు రోజుల్లో మామూలే.

నాకు సిజేరియన్ అయింది. నేనెప్పుడు బయటికి వెళ్ళగలను?

అందరూ బిడ్డ గురించి అడుగుతారు గానీ బాలింత గురించి అడిగేవాళ్ళు తక్కువ. సుమారు ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తొద్దని మామూలుగా డాక్టర్లు చెబుతారు, అంటే నీళ్ళ సీసాలతో నిండిన బ్యాగూ, మడత పెట్టిన స్ట్రోలరూ మీరు మోయకూడదు. మెల్లగా నడవడం మంచిదే. బ్యాగు నాన్నకు ఇవ్వండి. కుట్ల దగ్గర లాగినట్టున్నా, రక్తస్రావం పెరిగినా ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి.

మొదటిసారి ఎంతసేపు, ఎక్కడికి?

ఇరవై నిమిషాలు, ఇంటికి దగ్గర్లో. మేము పాపకు తొమ్మిదో వారంలో ఇందిరా పార్కుకు తీసుకెళ్ళాం. ఒక పెద్ద చెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే, ఆకుల సందుల్లోంచి పడుతున్న వెలుగు దాని ముఖం మీద అటూ ఇటూ కదులుతుంటే, ఎప్పుడూ బిగించి ఉండే పిడికిలి మెల్లగా విప్పి అలా పైకే చూస్తూ ఉండిపోయింది. అంతే, ఇంకేం జరగలేదు. పావుగంటకు నిద్రపోతే ఇంటికొచ్చేశాం. ఆ వయసు బిడ్డకు ఏదో చూపించాలన్న తాపత్రయం అక్కర్లేదు, ఒక చెట్టు చాలు. మొదటి రెండు మూడు సార్లు నిజంగా అలవాటు పడాల్సింది మనమే, బ్యాగులో ఏది ఎక్కడుంది, ఏడిస్తే ఎవరు ఎత్తుకోవాలి అన్నవి అప్పుడే తెలుస్తాయి.

ఏ టైములో వెళ్తే మంచిది?

వేసవిలో పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు, లేదంటే సాయంత్రం ఆరు దాటాక. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఆ మధ్యాహ్నాల్లో అత్యవసరమైతే తప్ప వద్దు. చలికాలం దీనికి తిరగేసి, తెల్లవారుజామున చలీ పొగా ఉంటాయి కాబట్టి తొమ్మిది గంటల ఎండ నయం. ఏ కాలమైనా పాలు తాగి, తేన్పు వచ్చి, డైపర్ మార్చిన వెంటనే బయల్దేరండి. బిడ్డకు నిద్ర వేళ అయినప్పుడు బయల్దేరితే దారిలోనే ఏడుపు మొదలవుతుంది.

## బ్యాగూ బట్టలూ

బ్యాగులో ఏమేం పెట్టుకోవాలి? నాకు ఇల్లంతా సర్దుకోవాలనిపిస్తోంది.

ఎంతసేపు బయట ఉంటారో దాన్నిబట్టి రెండు గంటలకో డైపర్ చొప్పున లెక్కేసి, పైన రెండు ఎక్కువ పెట్టండి. రెండు జతల బట్టలు, తుడిచే వైప్స్, ఒక పాత కాటన్ చీర ముక్క (దుప్పటిగా, పరుపుగా, ఎండకు అడ్డుగా, అన్నిటికీ అదే), రబ్బరు షీటు, తడి బట్టలు వేసుకోవడానికి రెండు కవర్లు, టీకా కార్డు ఫొటో ఫోన్లో. అమ్మకు తాగడానికి నీళ్ళు, తినడానికి ఏదైనా కచ్చితంగా, పాలిచ్చే తల్లికి దాహం ఆగదు. ఇంకొకటి ఎవరూ చెప్పరు, ఎత్తుకునే ఇద్దరికీ చెరో మార్పు చొక్కా. ఒకసారి ఆటో దిగే ముందు పాప మా ఆయన భుజం మీద తాగిన పాలన్నీ కక్కేసింది, ఆ సాయంత్రమంతా ఆయన ఆ తడి చొక్కాతోనే ఉన్నారు.

స్వెటర్, టోపీ, సాక్సులు అన్నీ వెయ్యాలని అత్తయ్య పట్టుబడుతున్నారు. ఎన్ని వెయ్యాలి?

మన వాతావరణంలో పిల్లలకు చలి కంటే ఉడక ఎక్కువ ఇబ్బంది. మీకెన్ని పొరల బట్టలు అవసరమో బిడ్డకు దానికి ఒక పొర ఎక్కువ వెయ్యండి, అదీ చలికాలంలోనే, ఎండాకాలంలో పల్చటి కాటన్ జుబ్బా ఒక్కటే. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని కంగారు పడొద్దు, పసిపిల్లలకు అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి జిగటగా ఉంటే ఒక పొర తీసేయాలి. అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆ మెడ మీద పెట్టి చూపించండి, మాటలకంటే అది బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో ఆ తర్వాత టోపీ తీసేసింది అత్తయ్యే.

కాటుక, దిష్టి చుక్క పెట్టి తీసుకెళ్ళొచ్చా?

కంట్లో కాటుక వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, వేలితో పెట్టేటప్పుడు కంటికి ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా ఉంది. దిష్టి చుక్క పెద్దవాళ్ళ మనసుకు ఊరట, దాన్ని అరికాలి మీద పెట్టమనండి. బుగ్గ మీద పెడితే బిడ్డ చేత్తో పులుముకుని నోట్లో పెట్టుకుంటుంది, కాలికి సాక్సు వేస్తే అలాగే ఉండిపోతుంది.

దోమలకు, ఎండకు క్రీములు రాయొచ్చా?

ఆరు నెలల లోపు సన్‌స్క్రీన్ బదులు నీడ, టోపీ, పొడుగు చేతుల కాటన్ బట్టలే వాడమంటారు. దోమల మందుల్లో డీట్ అనే రసాయనం ఉన్నవి రెండు నెలల లోపు పిల్లలకు అసలు వాడకూడదు. సాయంత్రం చెరువు పక్కన, పొదల దగ్గర కూర్చోకపోవడం, స్ట్రోలర్‌కు దోమతెర వేయడం, ఒళ్ళంతా కప్పే బట్టలు, ఈ మూడూ చాలావరకు సరిపోతాయి. వానాకాలంలో డెంగీ దోమ పగటిపూటే కుడుతుంది కాబట్టి పగలు కూడా తెర తియ్యొద్దు.

## ప్రయాణం

మాకు స్కూటీ ఒక్కటే ఉంది. మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళొచ్చా?

వద్దు. చాలామంది వెళ్తారని తెలుసు, కారు లేని ఇల్లు కాబట్టి మా ఆయనా నేనూ దీని గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. 2022లో కేంద్రం తెచ్చిన నియమం ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్ళాలంటే నడిపేవాళ్ళకు కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, 9 నెలలు దాటినవాళ్ళకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. తొమ్మిది నెలల లోపు బిడ్డ మెడ హెల్మెట్ బరువు మోసేంత గట్టిపడి ఉండదు, ఆ తలకు సరిపోయే హెల్మెట్ ఉండదు, మన రోడ్ల మీద ఒక గుంత చాలు. ఆ ఒక్కరోజుకు ఆటో డబ్బులు పక్కన పెట్టుకోండి.

ఆటోలో వెళ్ళేటప్పుడు ఏం చూసుకోవాలి?

సీటు మధ్యలో కూర్చోండి, అంచున వద్దు. బిడ్డను ఛాతీకి ఆనించి కట్టుకునే క్యారియర్‌లో పెడితే మీ ఒక చెయ్యి కమ్మీ పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది. చున్నీ, పైట కొంగు బయటికి వేలాడకుండా ఒళ్ళోకి దోపుకోండి. ఎక్కేటప్పుడే "అన్నా, చంటిపిల్ల ఉంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర జర మెల్లగా" అని ఒక్క మాట చెబితే నాకు తెలిసి కాదన్నవాళ్ళు లేరు. సిగ్నల్ దగ్గర ముందు బస్సు పొగ నేరుగా లోపలికి వస్తుంది, అప్పుడు బిడ్డ ముఖం మీవైపు తిప్పుకోండి, ముఖం మీద గుడ్డ మాత్రం కప్పొద్దు.

కారులో నా ఒళ్ళో పెట్టుకుంటే సరిపోదా? కార్ సీటు కొనాలా?

ఒళ్ళో ఉన్న బిడ్డను గట్టి బ్రేకు పడినప్పుడు ఏ తల్లీ పట్టుకోలేదు, చేతుల బలం సరిపోదు. కారు ఉంటే కార్ సీటు కూడా ఖర్చులో భాగమే అనుకోండి. వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనకవైపు ఉండేలా బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ వద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది. ఇంకో మాట, రెండు నిమిషాలకే కదా అని బిడ్డను ఆపిన కారులో వదిలి షాపులోకి వెళ్ళొద్దు. ఎండలో మూసిన కారు లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది.

మెట్రో, సిటీ బస్సు, ఏది నయం?

మెట్రో. కుదుపు ఉండదు, ఏసీ ఉంటుంది, స్టేషన్లకు లిఫ్టులు ఉంటాయి, ఆడవాళ్ళకు విడిగా చోటు ఉంటుంది. చిక్కు ఒక్కటే, ఆఫీసు వేళలు. అమీర్‌పేటలో లైను మారాల్సి వస్తే పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది తప్పించండి, ఆ జనంలో స్ట్రోలర్ తిప్పడానికి కూడా చోటు దొరకదు. బస్సులో 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లో ప్రయాణం ఉచితం, అది పెద్ద సాయమే, అయితే రద్దీ కూడా అంతే ఉంటుంది. మధ్యాహ్నం పూట, కూర్చునే సీటు కనబడితేనే ఎక్కండి. చేతిలో బిడ్డతో నిలబడి వెళ్ళడం మాత్రం వద్దు.

స్ట్రోలర్ కొనాలా, ఒంటికి కట్టుకునే క్యారియర్ కొనాలా?

మన ఫుట్‌పాత్‌ల మీద స్ట్రోలర్ పది అడుగులు సాఫీగా నడవదు, ట్రాన్స్‌ఫార్మరో, తోపుడు బండో అడ్డొస్తుంది. పార్కులు, మాల్స్, ఎయిర్‌పోర్టుకు ఎక్కువగా వెళ్ళేవాళ్ళయితే స్ట్రోలర్, మిగతావాళ్ళకు క్యారియర్. కట్టుకున్నప్పుడు బిడ్డ ముఖం మీకు కనబడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనుకుపోకుండా మధ్యలో రెండు వేళ్ళు పట్టాలి, మోకాళ్ళు పిరుదుల కంటే కొంచెం పైకి, కప్ప కాళ్ళలా విడిగా ఉండాలి. కాళ్ళు తిన్నగా కిందికి వేలాడే రకాలు తుంటి కీళ్ళకు మంచివి కావు. స్ట్రోలర్ వాడితే ఎండ తగలకుండా పైన దుప్పటి కప్పేయడం చాలామంది చేసే పొరపాటు, గాలాడక లోపల ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

## చేరాక

హైదరాబాద్‌లో పసిబిడ్డతో ఎక్కడికి వెళ్ళొచ్చు?

ఆరు నెలల లోపు: ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. అన్నిట్లో చెట్లున్నాయి, పబ్లిక్ గార్డెన్స్‌కు అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర. ట్యాంక్‌బండ్ సాయంత్రం బాగుంటుంది గానీ ట్రాఫిక్ హోరు, గాలి రెండూ ఎక్కువ, అరగంట చాలు.

ఆరు నెలలు దాటి కూర్చోవడం వచ్చాక నెహ్రూ జూ పార్కు (సోమవారం సెలవు). అది 380 ఎకరాలు, మొత్తం తిరగాలనుకోవద్దు, పక్షుల దగ్గర గంట గడిపి వచ్చేయండి, ఆ వయసులో పులి కంటే నెమలే వాళ్ళకు బాగా కనబడుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో (శుక్రవారం సెలవు) గడియారం గంట కొట్టే వేళకు ముందు జనం మూగుతారు, ఆ పది నిమిషాలు వేరే గదిలో ఉండండి. గోల్కొండ పైదాకా ఎక్కడం బిడ్డ నడిచేదాకా వాయిదా వేయండి, వందల మెట్లు, నీడ తక్కువ. జనవరి, ఫిబ్రవరిలో నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్) దుమ్ములోకి మొదటి ఏడాది వద్దనే నా సలహా.

బయట పాలెక్కడివ్వాలి? అందరూ చూస్తారని సిగ్గుగా ఉంది.

ఆ సిగ్గు నాకూ ఉండేది. ఒక మాల్‌లో పాలిచ్చే గదికి తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో అడిగేలోపు పాప గుక్కపట్టింది. చివరికి బయటికొచ్చి ఎదురుగా ఉన్న చీరల షాపులో అడిగితే, అక్కడ పనిచేసే పెద్దావిడ మారుమాట లేకుండా ట్రయల్ రూమ్ తలుపు తీసి, ఒక స్టూలు వేసి, "తొందరేం లేదమ్మా, నింపాదిగా తాగనీ" అని బయట నిలబడింది. అప్పటి నుంచి ఎక్కడైనా అడుగుతాను. చీరల షాపులు, టైలరింగ్ షాపులు, బస్టాండ్లలో ఆడవాళ్ళ విశ్రాంతి గదులు ఉంటాయి. ఏమీ లేకపోతే గోడవైపు తిరిగి, పైటో చున్నీయో కప్పుకుని ఇస్తాను, మా ఆయన అడ్డంగా నిలబడతారు. బహిరంగ ప్రదేశాల్లో తల్లులకు ఇందుకు చోటుండాలని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బాత్రూమ్‌లో మాత్రం కూర్చోవద్దు, మనం అన్నం తినని చోట బిడ్డెందుకు తాగాలి?

పిండిన పాలు, డబ్బా పాలు బయట ఎంతసేపు నిలవ ఉంటాయి?

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల గదిలో 4 గంటల దాకా బాగుంటాయంటారు, మన వేసవి ఎండలో ఆ లెక్క పనికిరాదు, ఐస్ ప్యాకులున్న చిన్న బ్యాగులోనే తీసుకెళ్ళండి. డబ్బా పాలు కలిపాక 2 గంటల్లో వాడాలి, బిడ్డ నోరు పెట్టిన సీసా గంటలో పారబోయాలి. పొడి కొలిచి ఒక డబ్బాలో, మరిగించిన వేడినీళ్ళు ఫ్లాస్కులో విడివిడిగా పట్టుకెళ్ళి అక్కడే కలపడం మేలు. కలిపాక చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టండి.

ఎండగా ఉంది, రెండు చెంచాల నీళ్ళు పట్టొచ్చా?

ఆరు నెలలు నిండేదాకా వద్దు, ఎండాకాలమైనా సరే. తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే. నీళ్ళ బదులు పాలు మరో రెండుసార్లు ఇవ్వండి. నోరు ఎండకుండా తేనె నాకించమని ఎవరైనా చెబితే వినొద్దు, ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం.

డైపర్ ఎక్కడ మార్చాలి? వాడినది ఏం చెయ్యాలి?

బెంచీ మీద, కారు వెనక సీట్లో, రబ్బరు షీటు పరిస్తే ఎక్కడైనా. ఎత్తు మీద మారుస్తుంటే ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ పొట్ట మీదే ఉండాలి. వాడిన దాన్ని గట్టిగా చుట్టి కవర్లో కట్టి, చెత్తబుట్ట లేకపోతే ఇంటికి తెచ్చి చెత్త బండికి విడిగా ఇవ్వండి. చెట్టు మొదట్లో వదిలేస్తే దాన్ని వట్టి చేతులతో ఎత్తేది ఒక మనిషి.

తెలియనివాళ్ళు కూడా వచ్చి బుగ్గలు పిండుతారు, ఎత్తుకుంటామంటారు. ఎలా కాదనాలి?

ప్రేమతోనే వస్తారు, కాబట్టి నొప్పించకుండా చెప్పొచ్చు. "ఆంటీ, డాక్టర్ గారు ఇంకో నెల ఎవరికీ ఇవ్వొద్దన్నారు, కాళ్ళు పట్టుకోండి పర్లేదు" అంటే చాలామంది నవ్వి ఊరుకుంటారు. క్యారియర్‌లో కట్టుకుని ఉంటే అడగడమే తగ్గుతుంది. సొంత బంధువులైనా ముఖం మీద, చేతుల మీద ముద్దులు వద్దు, దగ్గు జలుబు ఉన్నవాళ్ళు అసలు దగ్గరికి రావద్దు. ఈ మాట మీ వైపు వాళ్ళకు మీరు, ఆయన వైపు వాళ్ళకు ఆయన చెప్పుకుంటే గొడవలుండవు.

గుడికి, పెళ్ళికి, సినిమాకు?

గుడికి వారం మధ్యలో, రద్దీ లేని వేళ. బిర్లా మందిర్ లాంటి చోట పాలరాయి మధ్యాహ్నం కాలుతుంది, పొద్దున్నే వెళ్ళండి. పెళ్ళికి వెళ్తే బ్యాండూ డీజే ఉన్న హాలుకు దూరంగా విడిది గదిలో ఉండండి. బోనాల, నిమజ్జనం ఊరేగింపులు బాల్కనీలోంచి చూస్తే సరి. సినిమా హాలు శబ్దం పసిచెవులకు ఎక్కువ, మొదటి ఏడాది వద్దు.

మధ్యలో ఏడుపు ఆగడం లేదు. ఏం చెయ్యాలి?

ఆకలి, డైపర్, ఉడక, నిద్ర, ఈ వరసలో చూడండి. తర్వాత శబ్దం లేని మూలకు వెళ్ళి భుజాన వేసుకుని నడవండి. పావుగంటలో సర్దుకోకపోతే ఇంటికి వెళ్ళిపోండి, టికెట్ కొన్నాసరే, స్నేహితులు ఎదురుచూస్తున్నాసరే. మేము నాలుగుసార్లు సగంలో వచ్చేశాం, ఐదోసారి రెండు గంటలు హాయిగా ఉన్నాం.

## ఇంటికొచ్చాక

రాగానే స్నానం చేయించాలా? దిష్టి తియ్యాలా?

తలస్నానం అక్కర్లేదు. ముందు మీరు చేతులు కడుక్కోండి, బిడ్డకు బట్టలు మార్చి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో ముఖం, చేతులు, మెడ మడతలు తుడవండి. దిష్టి తీయడం పెద్దవాళ్ళ ఇష్టం, కానీ ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో వేసేది బిడ్డ ఉన్న గదిలో కాకూడదు, ఆ ఘాటుకు పెద్దవాళ్ళకే దగ్గొస్తుంది. సాంబ్రాణి పొగకూ ఇదే మాట.

రాత్రంతా ఏడ్చింది, ఒళ్ళు వెచ్చగా ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా?

కొత్త చోటు చూసొచ్చిన రోజు నిద్ర చెదరడం మామూలే. కానీ చేత్తో చూసి వదిలేయకుండా థర్మామీటర్ పెట్టండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందంటే తెల్లారేదాకా ఆగొద్దు, సొంతంగా సిరప్ వేయొద్దు, వెంటనే ఆసుపత్రికి. ఏ వయసైనా పాలు తాగకపోవడం, ఎగశ్వాస, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోవడం, లేపినా లేవనంత మగత కనబడితే ఆలస్యం చెయ్యొద్దు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చెయ్యండి. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి.

బయటికి వెళ్దామంటేనే నాకు గుండె దడ, ఏడుపు వస్తున్నాయి. నాకేమైనా అయిందా?

కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఏదో జరుగుతుందన్న టెన్షన్ వదలకపోతే అది మీ లోపం కాదు, వైద్యం ఉన్న జబ్బు. మీ కాన్పు చేసిన డాక్టర్‌కు చెప్పండి. 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. నాన్నలకు ఒక మాట: ఆమె "ఇవాళ వద్దు" అంటే బలవంతం చేయకండి, బిడ్డను మీరు ఎత్తుకుని మేడ మీద అరగంట తిప్పండి, ఆ అరగంట ఆమెను పడుకోనివ్వండి.